బల్లలో ఉన్న రోగం

మా ఆవిడ ఎడమచేతికి నాడి లేదని అందరికంటే ముందు కనిపెట్టిన మనిషి మా ఇంట్లో మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక మేము ఆయన వేళ్లను అనుమానించాం. తర్వాత వరసగా గాలిని, వియ్యాలవారిని, లాబొరేటరీని, జపాను దేశాన్ని అనుమానించాం. ఆ చేతిని అనుమానించాలని మాత్రం చాలాకాలం ఎవరికీ తోచలేదు.

అది ఎనభైల నడిమి కాలం. మేము పిడుగురాళ్లలో ఉండేవాళ్లం. నేను సున్నం బట్టీల ఆఫీసులో గుమాస్తాని. బీఎస్సీ చదివాను. చదివింది వృక్షశాస్త్రమే అయినా, మా వీధిలో సైన్సు చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను సగం డాక్టరు కింద జమకట్టేవారు. మిగతా సగం ఎప్పుడు అవసరం పడుతుందోనని నాకు లోపల దిగులుగా ఉండేది.

పెళ్లైన రెండో ఏడు మా ఆవిడకి సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. జ్వరం అనడానికి లేదు, కాదనడానికీ లేదు. తిండి తగ్గింది, రవికెలు వదులయ్యాయి. తీగ మీద బట్టలు ఆరేస్తూ ఎడమచెయ్యి లాగేసి, దించుకుని, కాసేపు ఆగి మళ్లీ ఎత్తేది. మా అమ్మ ఇదంతా వంటింటి గడపలోంచి గమనించి, కొత్త కోడళ్లకి నొప్పులు పని దగ్గరే వస్తాయని ఒక సిద్ధాంతం చెప్పింది. కొన్నాళ్లకి ఆ సిద్ధాంతం మీద ఆవిడకే నమ్మకం పోయి నాటువైద్యుణ్ని పిలిపించింది.

ఆయన మా తాత కాలం నుంచీ మా ఇంటికి వస్తున్నవాడు. మగవాళ్లకి కుడిచేతిలో, ఆడవాళ్లకి ఎడమచేతిలో నాడి చూడటం వాళ్ల పద్ధతి. మా ఆవిడ ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. వేళ్లు కాస్త పైకి జరిపాడు, కిందకి జరిపాడు. తర్వాత తన మణికట్టు తనే పట్టుకుని చూసుకున్నాడు. అక్కడ ఉన్నట్టుంది, కొంచెం తేరుకున్నాడు. మా అమ్మను పక్కకి పిలిచి, "ఈ చేతిలో ఏమీ తగలట్లేదమ్మా. నా వల్ల కాదు. పట్నం తీసుకపోండి," అని చెప్పులేసుకున్నాడు.

"ముసలోడైపోయాడు. వేళ్లు మొద్దుబారినయ్," అంది మా అమ్మ.

మాకూ అదే సబబుగా తోచింది. ఎదురుగా మనిషి నిలబడి కుంపటి మీద కూర కలుపుతుంటే నాడి లేదనటం వైద్యంలా కాక పరువునష్టంలా వినపడింది.

నరసరావుపేటలో మంచి పేరున్న డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన గది ఇరుకు. రోగి కూర్చునే స్టూలు ఎడమపక్క గోడకి ఆని ఉండేది. అందువల్ల ఆ గదిలోకి వచ్చిన పల్నాడు అంతా కుడిచెయ్యే చాపేది. మా ఆవిడా అదే చాపింది. కుడిచేతిలో నాడి, బీపీ రెండూ లక్షణంగా ఉన్నాయి. నాటువైద్యుడి మాట ఎత్తబోయాను గానీ, మా అమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. పెద్ద డాక్టరు దగ్గర నాటువైద్యుడి పేరెత్తితే మనల్ని అడవి మనుషులనుకుంటారని ఆవిడ భయం.

డాక్టరు రక్తపరీక్ష రాశాడు. లాబొరేటరీ ఎదురుగానే, రోడ్డు వారగా ఉంది. ఆ పరీక్షని ఈఎస్ఆర్ అంటారు. చూడటానికి అందులో పెద్ద విద్యేమీ ఉన్నట్టుండదు. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, గీతలున్న సన్నటి పొడుగాటి గాజుగొట్టంలోకి నోటితో పీల్చి, స్టాండుకి నిలువుగా బిగిస్తారు. గంట ఆగుతారు. ఎర్రటిది కిందకి దిగుతుంది, పైన తేటనీరు మిగులుతుంది. ఎంత దిగిందో గీతలు చూసి చీటీ మీద రాస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ప్రభుత్వ ఫైలులా నింపాదిగా కదులుతుందట. ఒంట్లో ఎక్కడైనా వాపూ మంటా ఉంటే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, గబగబా దిగిపోతాయట. మా ఆవిడ రక్తం తాడు తెగిన చేదలా దిగింది. ఇరవై దాటకూడని చోట తొంభై దాటింది.

డాక్టరు ఆ చీటీ రెండుసార్లు చూశాడు. ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదు. ఏమీ లేకపోవటం ఆయనకి నచ్చలేదు. ఇంత ఈఎస్ఆర్ ఉన్నప్పుడు మన ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది టీబీనేనని, దాచుకుని ఉండొచ్చని చెప్పి, సూదులూ బిళ్లలూ మొదలుపెట్టాడు.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ మర్నాటికి మా ఆవిడ కంచానికి అంచు మీద ఒక చిన్న సొట్ట పడింది. గ్లాసుకి ఎర్రదారం చుట్టుకుంది. వాటికవే జరిగినట్టు అందరం నటించాం. మా అమ్మ దగ్గు కోసం కాపలా కాసేది. మా ఆవిడ దగ్గదు. అది అమ్మకి ఇంకా అనుమానం.

"ఆపుకుంటంది," అని నాతో గుసగుసగా అంది. "ఎంత ఓర్పురా దానికి."

పుట్టింటికి పంపేస్తే కొన్నాళ్లు గాలిమార్పుగా ఉంటుందనే మాట కూడా ఆ వారంలోనే వినపడింది. గాలిమార్పు అనే మాటకి మా వీధిలో ఏ అర్థముందో మా ఆవిడకి తెలుసు. అట్లా వెళ్లిన ఒకావిడ ఇంకా తిరిగి రాలేదు. ఆ రాత్రి నుంచి తన చీరలు ట్రంకుపెట్టెలో సర్దటం మానేసి దండెం మీదే వేలాడేసింది. సర్దిన పెట్టె కనపడితే ఎవరైనా బస్సెక్కిస్తారని.

కబురు తెలిసి మా మామగారు దుర్గి నుంచి వచ్చాడు. ఆయన రాతిశిల్పి. మాట తక్కువ, చూపు ఎక్కువ. రాగానే కూతురి కంచం చూశాడు, గ్లాసు చూశాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక మా అమ్మే మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోమాకండి. రాళ్లు చెక్కే ఇంట్లో పెరిగిన పిల్లాయె. ఆ పొడి ఊరికే పోద్దా?"

"మా ఊళ్లో పొడి బరువు చెల్లెమ్మా, కిందకి రాలుద్ది," అన్నాడు ఆయన. చూపుడువేలితో మా అరుగు మీద ఒక గీత గీసి, తెల్లబడిన వేలు చూపించాడు. "మీ ఊళ్లోది పైకి లేసుద్ది. అన్నంలో కూడా ఇదే తింటన్నట్టుంది అందరూ."

రాతిపొడికీ సున్నపు పొడికీ మధ్య ఆ వాదం సాయంత్రం దాకా నడిచింది. రెండు పొడుల్లో దేనికీ ఈ పాపంతో సంబంధం లేదని తర్వాత తెలిసింది గానీ, ఆ పూట ఎవరి పొడిని వాళ్లు గట్టిగానే సమర్థించుకున్నారు.

మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు మామగారు మాతో నరసరావుపేట వచ్చాడు. లాబొరేటరీ అతను రక్తం తీసి, గొట్టం స్టాండుకి బిగించి, వేరే పనిలో పడ్డాడు. మామగారు బెంచీ మీద కూర్చుని ఆ గొట్టం వైపు చూస్తున్నాడు. జీవితమంతా రాయి నిలువుగా ఉందా లేదా అని చూసిన కళ్లు. కాసేపటికి లేచి, ఒక కన్ను మూసి, ముందు నుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూశాడు. చేతిసంచిలోంచి నూలుతాడు చివర కట్టిన ఇనుపగుండు తీశాడు. రాయి నిలువు చూసుకునే గుండు. దాన్ని గొట్టం పక్కన వేలాడదీసి, ఊగటం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఏంది సామీ అది?" అన్నాడు లాబొరేటరీ అతను. "ఇదేమన్నా ధ్వజస్తంభమా?"

"ధ్వజస్తంభమైతే ఈపాటికి కూలుద్ది," అన్నాడు మామగారు. "రోడ్డు వైపుకి వాలింది చూడు."

నిజంగానే వాలింది. బల్ల అంటే రెండు ఇటుకదిమ్మల మీద పరిచిన నాపరాయి. పిడుగురాళ్ల నుంచి సున్నం లారీలు ఆ రోడ్డు మీద వెళుతుంటే ఒకవైపు దిమ్మ నేలలోకి దిగింది. గొట్టం వాలుగా ఉంటే రక్తం ఉండాల్సిన దానికంటే తొందరగా దిగుతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. వాలు మాత్రం రోజూ చూసే కంటికి ఆనలేదు. మొహమాటపడి మళ్లీ రక్తం తీస్తానన్నాడు. మామగారు బయట రాతిముక్క ఒకటి ఏరుకొచ్చి, దిమ్మ మీద నాపరాయి కింద దోపి, గుండుతో చూసి తలాడించాడు. గంట తర్వాత గొట్టం డెబ్బై చూపించింది.

మామగారి మొహంలో నేను నవ్వు చూడటం అదే మొదలు.

"చూశారా అల్లుడుగారూ," అన్నాడు, "రోగం పిల్లలో లేదు, బల్లలో ఉంది."

తొంభైలోంచి ఇరవై పోయిందంటే, మిగిలిన డెబ్బై కూడా ఏదో ఒక బల్లలోదే అయి ఉంటుందని ఆయన లెక్క. శిల్పి లెక్క అది. వాలిన దాన్ని నిలబెడితే పని పూర్తయినట్టే. చీటీ పట్టుకుని డాక్టరుకి చూపించకుండానే ఆయన మమ్మల్ని బస్సెక్కించాడు. నాకు ఆ డెబ్బై మీద పెద్దగా అనుమానం రాలేదు. మా సంతోషం మీద వచ్చింది. అది మరీ చౌకగా దొరికినట్టుంది.

ఇంట్లో అందరికీ ఆ తీర్పు కావలసిన విధంగా సరిపోయింది. అమ్మకి వియ్యాలవారు మోసం చెయ్యలేదని తేలింది. మామగారికి తన ఊరి రాయి నిర్దోషి అయింది. సొట్టకంచం అటకెక్కింది, దారం ఊడింది, సూదులు ఆగిపోయాయి. మా అమ్మ కోటప్పకొండకి మొక్కు కూడా మొక్కింది. అయితే కోడలు ముందు ఒళ్లుచేస్తేనే మెట్లు ఎక్కుతానని షరతు పెట్టింది. దేవుడి దగ్గర కూడా ముందే చెల్లించటం ఆవిడకి ఇష్టం లేదు.

కోడలు ఒళ్లుచెయ్యలేదు. సాయంత్రపు వెచ్చదనం పోలేదు. ఒకరోజు పెరట్లో నేను బకెట్టు పట్టుకుని నిలబడితే తను బట్టలు ఆరేస్తోంది. రెండో చీర దగ్గర ఎడమచెయ్యి దించేసి, తీగ పట్టుకుని ఆగింది.

"ఏవండీ, ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకున్నప్పుడు భయపడ్డాడు," అంది.

"వేళ్లు మొద్దుబారాయట కదా," అన్నాను.

"వేళ్లు మొద్దుబారినోడు విసుక్కుంటాడు. భయపడడు." ఎడమచెయ్యి నా ముందుకి చాపింది. "మీరు బీఎస్సీ కదా. చూడండి."

చూశాను. చల్లగా ఉంది. గాజులు పైకి తోసి, నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాను. నా గుండె దడ నాకు వినపడుతోంది గానీ నా వేళ్ల కింద ఏమీ లేదు. కుడిచెయ్యి పట్టుకున్నాను. అక్కడ నిక్షేపంగా కొట్టుకుంటోంది. నాటువైద్యుడు ఎడమచెయ్యి చూసి పారిపోయాడు. డాక్టరు కుడిచెయ్యి చూసి నిశ్చింతగా ఉన్నాడు. ఇద్దరూ తమ తమ పద్ధతి తప్పలేదు. మధ్యలో మనిషి మాత్రం రెండు చేతులతోనూ మా ఇంట్లో తిరుగుతోంది.

మర్నాడు గుంటూరు వెళ్లాం. అక్కడి పెద్దాసుపత్రి డాక్టరు వయసు మళ్లినవాడు. మా ఆవిడ రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకున్నాడు. పరాయి మగవాడు కోడలి రెండు చేతులూ అట్లా పట్టుకోవటం చూసి మా అమ్మ ముందు గోడ గడియారం వైపు తిరిగింది. ఆయన ఎంతకీ వదలకపోయేసరికి మళ్లీ ఇటు తిరిగింది. ఆయన ఎడమచేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. ఏమీ వినపడలేదు. మెడ కింద, ఎముక పైన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. అక్కడ రక్తం ఇరుకుసందులోంచి తోసుకుపోతున్న చప్పుడు ఉందట.

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాల గోడలు వాచి, లోపల దారి సన్నబడిపోయే జబ్బు ఇది అన్నాడు. వయసులో ఉన్న ఆడవాళ్లకే ఎక్కువ వస్తుందట, ఎందుకో ఎవరికీ తెలియదట. అంటుకునేది కాదు. పేరు ఒక జపాను డాక్టరుదట. అంటుకోదన్న మాట దగ్గర మా ఆవిడ మా అమ్మ వంక చూసింది. అమ్మ అప్పటికే జపాను దగ్గర ఆగిపోయి ఉంది.

"జపాను జబ్బు పిడుగురాళ్లకి ఎట్టా వచ్చిందిరా?"

"ట్రాన్సిస్టరు ఎట్టా వచ్చిందో అట్టాగే," అన్నాను. ఆవిడ ఇంటికెళ్లాక మా ట్రాన్సిస్టరుని వంటింటి అలమరలోంచి తీసి వరండాలో పెట్టించింది.

డాక్టరు రక్తం మళ్లీ పరీక్షించాడు. అక్కడి గొట్టం నిలువుగానే ఉంది. నేను చూశాను, మామగారి కన్ను నాకూ కొంత అంటింది. ఈఎస్ఆర్ ఎనభై. ఇంకో పరీక్ష కూడా చేశారు. గాజుపలక మీద రక్తపు తేట ఒక చుక్క, పాలలాంటి ద్రవం ఒక చుక్క వేసి కలిపితే, ఒంట్లో మంట ఉన్నవాళ్లది విరిగిన పాలలా ముక్కలుముక్కలవుతుంది. మాది చక్కగా విరిగింది.

ఈ రెండు పరీక్షలూ మంట ఉందని చెబుతాయి గానీ ఎక్కడుందో చెప్పవు అన్నాడు డాక్టరు. అందుకే ఆ సంఖ్య చూసినవాళ్లు టీబీ అనుకున్నారు, తప్పు పట్టలేమన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఒక్కోసారి సంఖ్య మామూలుకి వచ్చేసినా నాళాల గోడల్లో మంట అట్లాగే ఉండొచ్చట. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్లో బట్టీ అంటించిన కొత్తలో నల్లటి పొగ ఊరంతా కమ్ముతుంది. రాయి బాగా కాలుతున్నప్పుడు పైన పొగే ఉండదు. కొత్తగా వచ్చినవాడు చల్లారిందనుకుని చెయ్యి పెడతాడు.

స్టెరాయిడు బిళ్లలు మొదలయ్యాయి. జ్వరం ఇట్టే పోయింది. ఆకలి వచ్చింది. మొహం గుండ్రంగా, నున్నగా పౌర్ణమి చంద్రుడిలా తయారైంది. వీధిలో ఆడవాళ్లు ఎన్నో నెల అని అడగటం మొదలుపెట్టారు. ఈఎస్ఆర్ పడిపోతూ పడిపోతూ ఇరవై లోపుకి వచ్చింది. గాజుపలక మీద పాలు విరగలేదు. మామగారు దుర్గి నుంచి ఉత్తరం రాశాడు, ఏ బల్ల మీద చేశారని.

డాక్టరు బిళ్లలు నెమ్మదిగా తగ్గిస్తూ వచ్చాడు. మా అమ్మకి నెమ్మది నచ్చలేదు.

"అంకె బాగుందిగా. ఇంకా ఆ బిళ్లలు ఎందుకంట? మొహం చూడు, పూరీలాగా పొంగింది. లేని రోగానికి మందు వాడితే అదే రోగమైద్ది."

ఆ వాదనలో లోపం కనిపెట్టటం కష్టమే. చేతిలో చీటీ ఉంది, చీటీ మీద మంచి సంఖ్య ఉంది. చెడ్డ సంఖ్యను నమ్మనివాళ్లం, మంచి సంఖ్యను మాత్రం పటం కట్టించేట్టు ఉన్నాం. నేను మాత్రం పెరట్లో చెయ్యి చూసిన ఆ రోజు నుంచీ పొద్దున్నే మా ఆవిడ కుడి మణికట్టు పట్టుకునే అలవాటు మానలేదు. ఎడమచేతి నాడి ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. మాకున్నది ఆ ఒక్కటే.

ఒకరోజు అది కొంచెం సన్నగా తగిలింది. నాకే అట్లా అనిపించిందేమోనని మర్నాడు మళ్లీ చూశాను. మా ఆవిడ నా మొహమే చూస్తోంది.

"జడ వేసుకుంటుంటే కుడిచెయ్యి కూడా లాగుతోంది," అంది. "అంకె బాగుందని చెప్పలేదు."

"ఎవరికి?"

"ఎవరికీ. మీ అమ్మగారు సంతోషంగా ఉన్నారు."

గుంటూరులో డాక్టరు చీటీ చూడకుండా పక్కన పెట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు. కుడిచేతి బీపీ అంతకు ముందుకంటే బాగా తగ్గింది. మెడ దగ్గర కుడివైపు కూడా చప్పుడు మొదలైంది. ఆ తర్వాతే చీటీ తీశాడు. పద్దెనిమిది. కాస్త ఆలస్యమైతే రెండో చేతి నాడి కూడా పోయేదని, ఈ సంఖ్యను చూసి మందు ఆపి ఉంటే అదే జరిగేదని మా అమ్మకి వినపడేలా చెప్పి, బిళ్లలు మళ్లీ పెంచాడు. అమ్మ బస్సులో కోడలి పక్కన కూర్చుని, ఊరొచ్చేదాకా ఆ కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి దుమ్ము వస్తోందని తన కొంగు దాని మీద కప్పింది.

కుడిచేతి నాడి నిలబడింది. చంద్రబింబం కొన్నేళ్లు పట్టి తగ్గింది.

ఒకసారి పిడుగురాళ్ల బస్టాండులో నాటువైద్యుడు ఎదురయ్యాడు. మా ఆవిడ నమస్కారం పెట్టింది. ఆయన బదులు పెట్టబోయి, ఆగి, ముందు మా ఆవిడ పాదాల వంక చూశాడు. వేళ్లు ముందుకి ఉన్నాయా, దయ్యాలకి మల్లే వెనక్కి ఉన్నాయా అని. ముందుకే ఉన్నాయని తేలాక కూడా రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను. మేమూ అంత తొందరగా ఏదీ నమ్మే స్థితిలో లేము.

బిళ్లలు మళ్లీ పెంచినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన మర్నాడే, మా ఆవిడ చెయ్యి పొద్దున్నే పట్టుకునే పని మా అమ్మ నా దగ్గర్నుంచి లాగేసుకుంది. నాకు వృక్షశాస్త్రమే గదా వచ్చింది అంది. మొదట్లో గాజులు సరిచేసే నెపంతో పట్టుకునేది. పాత అలవాటు కొద్దీ ముందు ఎడమచెయ్యే అందుకుని, ఏమీ తగలక ఉలిక్కిపడి, తర్వాత కుడిచెయ్యి పట్టుకునేది. కొన్నాళ్లకి సరాసరి కుడిచేతికే వచ్చింది, మగవాళ్లకి చూసినట్టు. కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, నాటువైద్యుడి కంటే గంభీరంగా నిలబడేది.

"ఉందా అత్తయ్యా?" అని అడిగేది మా ఆవిడ, రెండో చేత్తో పాలగిన్నె దించుకుంటూ.

"ఉందిలే," అనేది మా అమ్మ, చెయ్యి వదలకుండా. "ఉండు, ఇంకోసారి చూడనీ. దీని మాట నేను నమ్మను."